ఉద్దానం తీరంలో తొలివేట: తెప్ప, వల, గాలముల చరిత్ర

పలాస, టెక్కలి పట్టణాలకు తూర్పుగా సముద్రం వైపు పోయేవారికి కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఎదురవుతవి. ఈ తోటల సీమయే ఉద్దానం. 'ఉద్యానం' అన్న మాటయే ఇట్లు మారినదని చెప్పుదురు. తోటలు ముగిసిన చోట ఇసుక తిన్నెలు, వాటికి ఆవల బంగాళాఖాతం. భావనపాడు మొదలు బారువ దాటి ఇచ్ఛాపురం వరకు ఈ ఒడ్డున వాడబలిజ, జాలరి మొదలైన కులాలవారు తరతరాలుగా చేపలవేటపై బ్రతుకుతున్నారు.

వీరికి సంవత్సరం చైత్రంతో మొదలుకాదు, తొలివేటతో మొదలవుతుంది. నేడు తూర్పు తీరంలో మరపడవల వేటకు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అనగా 61 రోజులు, నిషేధం ఉన్నది. 2015కు పూర్వం ఇది 47 రోజులే. నిషేధం ముగియగానే గంగమ్మకు మ్రొక్కి పడవలు నీటిలోనికి నెట్టుతారు. ఈ చట్టం లేని కాలంలో వేటకు విరామం ఎట్లు దొరికేది? ఆ ప్రశ్నకు సమాధానం పాత పనిముట్లలోనే ఉన్నది.

కెరటానికి వంగే పడవ

ఈ తీరానికి సహజమైన రేవు లేదు. అలలు నేరుగా ఇసుక ఒడ్డున విరుగుతవి. గట్టిగా మేకులు కొట్టిన పడవ ఇక్కడ ఒడ్డు తాకిన ప్రతిసారి దెబ్బతినును. అందుచేత పూర్వులు రెండు ఉపాయాలు కనిపెట్టినారు.

మొదటిది తెప్ప. తేలికైన కొయ్యదుంగలను ప్రక్కప్రక్కన చేర్చి త్రాళ్లతో బిగించుతారు. దీనిలో నీరు నిలిచే గుల్ల లేదు గనుక ఇది మునగదు. అల మీదికి వచ్చినా నీరు సందులలోనుండి జారిపోవును. అయితే కొయ్య నీటిని పీల్చి బరువెక్కును. అందుచేత వేటనుండి రాగానే త్రాళ్లు విప్పి దుంగలను ఎండబెట్టవలెను.

రెండవది మసూలా పడవ. దీని పలకలను మేకులతో గాక కొబ్బరిపీచు త్రాటితో కుట్టుతారు. లోపల గట్టి పక్కటెముకలు ఉండవు. కెరటం కొట్టినప్పుడు పడవ అంతా కొంచెం వంగి, దెబ్బను పంచుకొని, మరల యథారూపం పొందును. విరగకుండుటకు గట్టిదనం ఒక్కటే మార్గం కాదనీ, వంగే గుణం కూడ బలమేననీ దీనివలన తెలియుచున్నది.

వలకన్ను చెప్పే లెక్క

తొలకరి వానలతో వంశధార, మహేంద్రతనయ, బాహుద నదులు కొండల మట్టిని సముద్రానికి తెచ్చును. ఆ నీటిలోని పోషక ద్రవ్యాలతో ప్లవకములనే సూక్ష్మజీవులు వృద్ధి పొందును. వాటిని మేయుటకు కవళ్లు, నెత్తళ్లు వంటి చిన్నచేపలు గుంపులుగా వచ్చును. వాటి వెంట వంజరం వంటి పెద్దచేపలు వచ్చును.

గుంపు ఒడ్డుకు దగ్గరగా ఉన్నప్పుడు పెద్దవల పనికివచ్చును. పడవలో వలను తీసుకొనిపోయి అర్ధచంద్రాకారంగా దించి, రెండు చివరల త్రాళ్లను ఒడ్డునుండి రెండు జట్లు లాగుతవి. పైఅంచున తేలే బెండ్లు, క్రిందిఅంచున బరువులు ఉండుటచే వల గోడవలె నిలుచును. ఊరంతా చేయి వేయవలసిన వేట ఇది. దీని మధ్యనున్న సంచి కన్నులు మిక్కిలి చిన్నవి గనుక చేపపిల్లలు కూడ చిక్కును. పాత పద్ధతులన్నీ నిర్దోషమైనవని అనుకొనరాదు.

లోతున వేసే నిలువువలల సూత్రం వేరు. తల దూరి శరీరం దూరని కన్నులో చేప మొప్పల వద్ద చిక్కుకొనును. కన్నుకంటె చిన్నచేప దాటిపోవును. మరీ పెద్దది తలయే పెట్టదు. అందుచేత కవళ్లకు ఒక వల, కానాగంతలకు మరొక వల. చేప పేరే వలకు పేరు.

పెద్దచేపలకు గాలం. చిన్నచేపను ఎరగా గ్రుచ్చి, బరువు కట్టి, చేప తిరిగే లోతుకు దించుతారు. గాలం ఒక్కొక్క చేపనే పట్టును; పట్టిన చేప నలగదు గనుక ధర ఎక్కువ పలుకును.

ఈ వలలు, త్రాళ్లు ఒకప్పుడు నూలుతో, జనుముతో చేసినవి. తడి నూలును సూక్ష్మజీవులు తినివేయును. దీనికి విరుగుడుగా తుమ్మచెక్క, తంగేడుచెక్క వంటివాటి కషాయంలో వలలు నానవేసేవారు. చెక్కలోని టానిన్ అనే పదార్థం కుళ్లును ఆలస్యం చేయును, ఆపజాలదు. కావున వలకు తరచుగా కషాయం, ఎండ, మరమ్మతు తప్పనిసరి. తొలివేటకు ముందు రోజులు ఈ పనికే సరిపోయేవి.

శాస్త్రజ్ఞుల చూపు

ఈ తీరపు చేపలను శాస్త్రరీత్యా మొదట గమనించినవారిలో ముఖ్యుడు ఈస్టిండియా కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్. విశాఖపట్టణంలో సేకరించిన 200 చేపల చిత్రాలను, వర్ణనలను ఆయన 1803లో ప్రకటించినాడు. వాటికి స్థానికులు పిలిచే పేర్లనే వ్రాసుకొన్నాడు. కానాగంత శాస్త్రీయనామం నేటికీ 'రాస్ట్రెల్లిజర్ కానగుర్త'. జాలరి నోటిమాట ఆ విధంగా ప్రపంచ శాస్త్రగ్రంథాలకు ఎక్కినది.

1907లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యాన మద్రాసులో మత్స్యశాఖ ఏర్పడినది. ఆ శాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల నిర్మాణంపై గ్రంథం ప్రకటించి, తెప్పలను, కుట్టుపడవలను వివరించినాడు. ఆ కాలంలో టెక్కలి ప్రాంతం గంజాం జిల్లాలోనిది. 1936లో విశాఖపట్టణం జిల్లాలో చేరి, 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో భాగమైనది.

అలసట ఎరుగని వల

స్వాతంత్ర్యం తరువాత మార్పు వేగంగా వచ్చినది. 1957లో కొచ్చిలో కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ ఏర్పడి, కృత్రిమ దారాల వలలపై పరిశోధనలు చేసినది. నైలాను కుళ్లదు, కషాయం అక్కరలేదు. సన్నని నైలాను దారం నీటిలో చేపకు సరిగా కనబడదు. కొయ్యతెప్ప స్థానంలో ఫైబరు తెప్ప వచ్చినది. అది నీరు పీల్చదు. దానికి ఇంజను చేరినది. హైదరాబాదులో 1999లో నెలకొల్పిన సముద్ర సమాచార కేంద్రం, ఉపగ్రహాలు కొలిచిన నీటి ఉష్ణోగ్రతను, పచ్చదనాన్ని బట్టి చేపలు ఉండదగిన చోట్లను తెలుపుచున్నది. నీటి రంగు, పక్షుల గుంపులు చూచి తాతలు ఊహించినదానికే ఇది విస్తృతరూపం.

ఈ మార్పులతో జాలరి శ్రమ తగ్గినది. ప్రాణభయం కొంత తగ్గినది. కాని మరొకటి కూడ జరిగినది. నూలువల ఎండవలసి ఉండుటచే, తెప్ప ఆరవలసి ఉండుటచే, పాతవేటకు మధ్యమధ్య తనంతటనే విరామం కలిగేది. నైలానుకు విశ్రాంతి అవసరం లేదు. కాని చేపకు అవసరమే. పనిముట్టు విధించిన హద్దు తొలగగా, ఆ హద్దును చట్టం విధించవలసి వచ్చినది. ఇంజను లేని సంప్రదాయపు పడవలకు వేసవి నిషేధం వర్తించకపోవుట ఇక్కడ గమనింపదగినది.

రేవు లేని లోటు మాత్రం తీరలేదు. పెద్ద పడవలకు ఇక్కడ చోటు లేక, ఈ జిల్లా జాలరులు ఎందరో గుజరాతులోని వేరావలు రేవుకు కూలివేటకు పోతున్నారు. అట్లు పోయి 2018 నవంబరులో పాకిస్తాను అధికారులకు చిక్కినవారిలో 20 మంది, 2020 జనవరి 6న వాఘా సరిహద్దు వద్ద విడుదలై ఇల్లు చేరినారు. వారు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు. తూర్పు ఒడ్డున పుట్టినవాడు పడమటి సముద్రంలో బందీ కావలసివచ్చినది.

ఉద్దానం తీరానికి దగ్గరలోని పాఠశాలల విద్యార్థులు ఒక పని చేయవచ్చును. ఒడ్డున ఆరవేసిన వలల కన్నులను కొలబద్దతో కొలిచి, ఏ కన్నులో ఏ చేప, ఎంత పొడవుది చిక్కినదో పట్టికలో వ్రాసుకొనవలెను. గ్రుడ్లు పెట్టే వయస్సు రాని చేపలు ఎన్ని చిక్కుచున్నవో జాలరులనే అడిగి తెలిసికొనవలెను. రాబోయే తొలివేటలు ఎట్లుండునో ఆ పట్టికయే చెప్పగలదు.