సైటేషన్ల లెక్క: మేనేజ్‌మెంట్ పరిశోధకుల ప్రభావాన్ని ఎలా కొలుస్తారు?

ఒక పరిశోధన వ్యాసాన్ని తర్వాత వచ్చిన మరో వ్యాసం ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారు. ఈ ప్రస్తావనలన్నిటినీ ఒక సూచికగా కూర్చాలని అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించారు. పాత పరిశోధనలను వెతుక్కోవడం తేలిక చేయడమే అప్పటి ఉద్దేశం. ఇవాళ ఆ లెక్క అధ్యాపకుల నియామకాలు, పదోన్నతుల దాకా వచ్చింది. కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లోనూ సైటేషన్లకు మార్కులున్నాయి. అందుకే ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలియడం అవసరం.

ఒక తెలుగు ఉదాహరణ

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, ఐఐఎం కలకత్తా, ఎంఐటీల మీదుగా హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చేరిన ఆచార్యుడు కృష్ణ పాలెపు. కంపెనీలు తమ సమాచారాన్ని మదుపరులకు ఎంతవరకు, ఎందుకు వెల్లడిస్తాయన్న అంశంపై పాల్ హీలీతో కలిసి 2001లో ఆయన రాసిన సమీక్షా వ్యాసానికి గూగుల్ స్కాలర్‌లో పది వేలకు పైగా సైటేషన్లు ఉన్నాయి.

ఈ అంకెను చదవడంలో రెండు జాగ్రత్తలు కావాలి. మొదటిది, అది సమీక్షా వ్యాసం. ఒక రంగంలో అప్పటిదాకా జరిగిన పనినంతా ఒకచోట చేర్చే వ్యాసాలకు మామూలు వ్యాసాలకంటే ఎక్కువ సైటేషన్లు వస్తాయి. రెండోది, దానికి రచయితలు ఇద్దరు. మామూలు లెక్కలో మొత్తం సైటేషన్లు ఇద్దరి ఖాతాలోనూ పూర్తిగా పడతాయి. అయిదుగురు రాసినా అంతే.

హెచ్-ఇండెక్స్ ఎలా కడతారు?

మొత్తం సైటేషన్లు చూస్తే ఒకే వ్యాసం బొమ్మనంతా మార్చేయగలదు. దీనికి విరుగుడుగా భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో హెచ్-ఇండెక్స్‌ను సూచించారు. ఒకరికి ఏడు వ్యాసాలున్నాయి, వాటికి వరుసగా 40, 18, 9, 6, 5, 3, 0 సైటేషన్లు వచ్చాయనుకుందాం. అయిదు వ్యాసాలకు కనీసం అయిదేసి ఉన్నాయి. ఆరింటికి ఆరేసి లేవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. గూగుల్ స్కాలర్ చూపే ఐ10 సూచిక పదికి తగ్గకుండా సైటేషన్లున్న వ్యాసాల సంఖ్య. ఇక్కడ అది 2.

హెచ్-ఇండెక్స్ కాలంతో పెరుగుతుందే తప్ప తగ్గదు. కాబట్టి పాతికేళ్ల అనుభవమున్నవారిని, అయిదేళ్ల కిందట పీహెచ్‌డీ చేసినవారిని దాంతో పోల్చడం తగదు. రంగాల మధ్య పోలిక కూడా చెల్లదు. వైద్య పరిశోధనలో వ్యాసాలు ఎక్కువ, రచయితలూ ఎక్కువ. మేనేజ్‌మెంట్‌లో ఒక్క వ్యాసం అచ్చయ్యేసరికే ఏళ్లు పట్టవచ్చు. ఈ తేడాను సర్దడానికే రంగం, సంవత్సరం, వ్యాసం రకాన్ని బట్టి సగటుతో పోల్చే కొలతలు వచ్చాయి. వాటిలో 1 అంటే ప్రపంచ సగటు.

ఎక్కడ వెతికితే అంత

ఒకే పరిశోధకుడికి మూడు చోట్ల మూడు అంకెలు కనిపిస్తాయి. వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్ ఎంపిక చేసిన పత్రికలనే ప్రధానంగా లెక్కిస్తాయి. గూగుల్ స్కాలర్ పుస్తకాలు, థీసిస్‌లు, ఇంకా అచ్చుకాని వ్యాసాలనూ పట్టుకుంటుంది. పరిధి పెద్దదే, పొరపాట్లూ ఎక్కువే. అంతర్జాతీయ వ్యాపార రంగ ఆచార్యురాలు ఆన్-విల్ హార్జింగ్ రూపొందించిన ‘పబ్లిష్ ఆర్ పెరిష్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2006 నుంచి ఈ లెక్కలను తీసి ఇస్తోంది.

తెలుగువారికి మరో చిక్కుంది. మన దగ్గర ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది. డేటాబేస్‌లు చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటాయి. దాంతో ఎందరో రావులు, రెడ్లు ఒకే ఖాతాలో కలిసిపోతారు, లేదా ఒకరి వ్యాసాలే రెండు మూడు ఖాతాల్లోకి చీలిపోతాయి. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య దీనికి మందు.

ఉధ్నా నుంచి చూస్తే

తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న నగరం సూరత్. అక్కడి ఉధ్నాలో మరమగ్గాల చప్పుడు ఆగదు. మగ్గంపై తయారైన బట్ట దలాళ్ల ద్వారా, అరువు మీద, నమ్మకం మీద చేతులు మారుతుంది. బలమైన మార్కెట్ వ్యవస్థలు లేనిచోట ఆ ఖాళీని ఎవరు పూరిస్తారన్నది పాలెపు, తరుణ్ ఖన్నాలు 1997లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ వ్యాసంతో చర్చకు తెచ్చిన ప్రశ్న. అదే ప్రశ్నపై ఒక స్థానిక కాలేజీ అధ్యాపకుడు మగ్గాల యజమానులను కలిసి గుజరాతీలో వ్యాసం రాస్తే, అది స్కోపస్‌కు ఎక్కే అవకాశం తక్కువ. చిన్న పరిశ్రమకు దానివల్ల మేలు జరిగినా, సైటేషన్ల ఖాతాలో సున్నానే.

ఎక్కువ సైటేషన్లున్నా ఆచరణ గురించి అవి ఏమీ చెప్పవు. పాలెపు సత్యం కంప్యూటర్స్ బోర్డులో డైరెక్టరుగా ఉండి 2008 డిసెంబరులో వైదొలిగారు. 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కల తారుమారును ఒప్పుకున్నారు. అప్పటిదాకా అది బయటి ప్రపంచానికి తెలియలేదు. సమాచార వెల్లడిపై 2001 నాటి వ్యాసాన్ని పరిశోధకులు ఆ తర్వాతా ఉటంకిస్తూనే ఉన్నారు. అందులో వింత లేదు. తోటి పరిశోధకులు ఎంత వాడుకున్నారన్నదే సైటేషన్ కొలిచేది.

ఏం చూడాలి?

పరిశోధకులను పత్రిక పేరుప్రతిష్ఠలను బట్టి కాక, పనిని బట్టి అంచనా వేయాలని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన కోరింది. నిపుణుల అంచనాకు అంకెలు తోడుండాలే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించకూడదని 2015 నాటి లైడెన్ మేనిఫెస్టో చెప్పింది. భారత్‌లో యూజీసీ 2025 ఫిబ్రవరిలో తన కేర్ పత్రికల జాబితాను నిలిపివేసి, మంచి పత్రికను గుర్తించే బాధ్యతను విద్యాసంస్థలకే వదిలింది.

కాబట్టి ఎంపిక కమిటీ ముందుకు ఒక అంకె వస్తే అడగాల్సినవి ఇవి: ఏ డేటాబేస్, ఏ తేదీ నాటిది? తన వ్యాసాలను తానే ఉటంకించుకున్నవి ఎన్ని? సహరచయితలు ఎందరు? అదే రంగంలో, అంతే అనుభవమున్నవారి సగటు ఎంత? ఇవన్నీ అయ్యాక అభ్యర్థి రాసిన వాటిలో మంచివి రెండు మూడు తెరిచి చదవాలి. ఆ చివరి పనికి ఏ సూచికా ప్రత్యామ్నాయం కాదు.