ఆరుగురు అనాథ శిశువులు

శిశువు లోకమును మొదట నోటితోనే తెలిసికొనును. పాలు త్రాగుట, అందిన వస్తువును చప్పరించుట, కోపము వచ్చినపుడు కొరకుట, తుదకు మాటలాడుట, ఇవన్నియు నోటి పనులే. మనస్సునకు గాయము తగిలిన శిశువు తన బాధను మాటలలో చెప్పలేడు. కాని ఈ పనులలో దాని గుర్తులు కనిపించును. ఇరువదవ శతాబ్దమున ఈ విషయమును శ్రద్ధగా పరిశీలించినవారిలో అన్నా ఫ్రాయిడ్ (1895-1982) ముఖ్యురాలు.

ఈమె సుప్రసిద్ధ మనశ్శాస్త్రజ్ఞుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ కుమార్తె. వియన్నాలో కొంతకాలము ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసెను. 1937లో అమెరికన్ వైద్యురాలు ఈడిత్ జాక్సన్ ధనసహాయముతో ఆ నగరములో నిరుపేదల పసిపిల్లల కొరకు ఒక శిశుశాల వెలసెను. అచట బలవంతముగా తినిపించెడివారు కారు. ఎదుట ఉంచిన పదార్థములలో నచ్చినవానిని పిల్లలే ఏరుకొనెడివారు. బిడ్డ అన్నము వద్దనుట ఒక్కొక్కప్పుడు ఆకలి లేకపోవుట వలన గాక, తినిపించు తల్లితో పేచీ వలన జరుగునని అన్నా ఫ్రాయిడ్ తరువాత వివరించెను. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమింపగా శిశుశాల మూతపడెను. ఫ్రాయిడ్ కుటుంబము లండను చేరెను.

1940లో లండనుపై బాంబుల వర్షము కురిసెను. ఇల్లు కోల్పోయిన, తల్లిదండ్రులకు దూరమైన పిల్లల కొరకు అన్నా ఫ్రాయిడ్, డొరోతీ బర్లింగ్‌హామ్ 1941లో హాంప్‌స్టెడ్ ప్రాంతమున శిశుసదనములను నెలకొల్పిరి. అచట పిల్లలకు నడక, పరుగు చక్కగా అబ్బెను. కాని మాటలలో వారు ఇంటి బిడ్డల కంటె వెనుకబడిరి. మాట నేర్చుటకు తిండి చాలదు, తనదని చెప్పుకొనదగిన మనిషి కావలెను. అందుచే 1942లో పిల్లలను చిన్న చిన్న కుటుంబములుగా విభజించి, ఒక్కొక్కదానికి ఒక పోషకురాలిని తల్లిగా ఏర్పరచిరి. దానితో పిల్లలలో మమకారముతోపాటు అసూయయు, ఏడ్పులును హెచ్చెను. అయినను ఎదుగుదలకు అదియే మార్గమని వారు గ్రహించిరి.

మరి తల్లి ప్రేమను ఎన్నడును ఎరుగని శిశువు సంగతి ఏమి? ఈ ప్రశ్నకు జవాబు 1945లో దొరకెను. నాజీలు తల్లిదండ్రులను చంపివేయగా, టెరెజీన్ నిర్బంధ శిబిరములో పెరిగిన ఆరుగురు యూదు పిల్లలను ఇంగ్లండునకు చేర్చిరి. వారి వయస్సు మూడు, నాలుగు ఏండ్ల నడుమ ఉండెను. ససెక్స్ ప్రాంతములోని బుల్‌డాగ్స్ బ్యాంక్ అను ఇంట సోఫీ, గెర్ట్రూడ్ డాన్ అను సోదరీమణులు వారిని ఒక సంవత్సరము పెంచిరి.

మొదటి దినములలో పిల్లలు బొమ్మలను విరుగగొట్టిరి. కోపము వచ్చినపుడు పెద్దలను కొట్టిరి, కొరికిరి, వారిపై ఉమ్మివేసిరి. కాని తమలో తాము ఒకరిని విడిచి ఒకరు ఉండలేకపోయిరి. భోజనవేళ తాము తినుట కంటె ప్రక్కవానికి అందించుటయే వారికి ముఖ్యము. ఒకనాడు ఒక బాలుడు ఇంకను కేకు కావలెనని ఏడ్వగా, ఇద్దరు బాలికలు తమ వంతులో మిగిలినది అతనికిచ్చి బుజ్జగించిరి. పెద్దలను కరచిన ఆ నోళ్లే తోటివారి కొరకు తమ తిండిని మానుకొనెను!

క్రమముగా వారు పెద్దలను కూడ తమ గుంపులో చేర్చుకొనిరి. తమ వంతులలో వారికిని చోటిచ్చిరి. ఆ సంవత్సరముననే జర్మన్ భాషను మాటలాడు ఆ పిల్లలు ఇంగ్లీషు నేర్చిరి. ఇన్ని కల్లోలముల నడుమ క్రొత్త భాష నేర్వగలుగుట, లోకముతో వారి సంబంధము మూలమున చెడలేదనుటకు నిదర్శనమని 1951లో ప్రకటించిన వ్యాసములో అన్నా ఫ్రాయిడ్, సోఫీ డాన్ తేల్చిరి. పిల్లలు ఆందోళనపరులే గాని మతిచెడినవారు గాని నేరస్వభావులు గాని కారు.

ఆరుగురిని చూచి సార్వత్రిక సూత్రము కట్టుట తగదు. ఫ్రాయిడ్ సంప్రదాయము నోటి అనుభవమునకు చెప్పిన అర్థములన్నింటిని నేటి శాస్త్రజ్ఞులు అంగీకరింపరు. ఐనను తోటిపిల్లల తోడు ఒక ఔషధమను సంగతి ఆ పరిశీలనలో స్పష్టముగా కనిపించును. అర్ధశతాబ్దము తరువాత, లాస్ ఏంజెలిస్ పాఠశాలలలో హింసకు గురియైన 126 మంది ఆరవ తరగతి విద్యార్థులపై ఒక పరీక్ష జరిగెను. దాని ఫలితములు 2003లో వెలువడెను. పద్ధతి వేరైనను, చికిత్స అచటను చిన్న గుంపులలో, బడిలోనే జరిగెను. చికిత్స పొందినవారిలో, ఇంకను పొందనివారి కంటె బాధ తగ్గెను.

గాయపడిన బిడ్డ కరచినచో అది దుష్టత్వమని శిక్షించుట సులభము. వాని ప్రక్కన ఎవరు కూర్చున్నారు, వాని స్నేహితుని వాని నుండి వేరుచేసినది ఎవరు అని చూచుట కష్టము. ఉపాధ్యాయులు చేయవలసినది ఈ రెండవ పనియే.