చెరిగిన ప్రసారాలకై అన్వేషణ

హైదరాబాదు నగరానికి ఉత్తరంగా, హకీంపేట విమాన స్థావరానికి చేరువలో, మేడ్చల్, శామీర్‌పేట దారుల నడుమ దేవరయాంజాల్ గ్రామం ఉన్నది. అక్కడి సీతారామచంద్రస్వామి ఆలయం వల్ల ఆ ఊరికి పేరు. కొంతకాలం క్రితం మేము అక్కడికి వెళ్ళినది దైవదర్శనానికి కాదు. అరగంట శబ్దాన్ని వెదకుకొంటూ వెళ్ళినాము. మా కేంద్రంలోని పాత రిజిస్టరులో, 1980 దశకానికి చెందిన పుటలలో, ఆ ఊరి భజన బృందం పాడిన రామభజనను ప్రసారం చేసినట్లు ఒక పంక్తి కనిపించినది. టేపు సంఖ్య ఉన్నది, నిడివి ఉన్నది, అనౌన్సరు పొడి అక్షరాలు ఉన్నవి. టేపు మాత్రం లేదు. ఆ సంఖ్య గల డబ్బాను తెరచి యంత్రంపై ఎక్కించగా, వరి నారుమళ్ళకు పట్టే తెగుళ్ళను గురించి ఎవరో సావధానంగా ప్రసంగిస్తున్నారు.

ఇది మా ఒక్కరికే పట్టిన గ్రహచారం కాదు. ప్రసారమైన దానిని పోగొట్టుకొని, పిమ్మట దేశదేశాలు తిరిగి వెదకుకొన్నవారిలో బ్రిటనువారి కథ ప్రసిద్ధమైనది. బి.బి.సి. సంస్థ లండనులోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుండి 1936 నవంబరు 2న నిత్య టెలివిజన్ ప్రసారాలకు శ్రీకారం చుట్టినది. నాటకమైనా, సంగీతమైనా కెమెరాల ముందు ప్రత్యక్షంగా జరుగవలసినదే; చూచేవారు అప్పుడే చూడవలసినదే. నాటకాన్ని మరల చూపదలచితే నటవర్గమంతా మరొకనాడు వచ్చి మొదటినుండి ఆడేవారు. మన సురభివారు నిన్నటి ఆటను మూటగట్టి రేపటికి దాచుకొనరు గదా, అట్లే. తెరపై కదిలే బొమ్మను ఫిల్ము కెమెరాతో పట్టే పద్ధతి 1947లో ఆచరణకు వచ్చినది గాని, ఖర్చుకు జడిసి దానిని పొదుపుగా వాడినారు. 1953లో బ్రిటిషు ప్రేక్షకులను ఇండ్లలో కట్టి కూర్చుండబెట్టిన 'క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్' అనే ఆరు భాగాల నాటకంలో మొదటి రెండు భాగాలు మాత్రమే మిగిలినవి.

వీడియో టేపు వచ్చిన తరువాతనైనా పరిస్థితి చక్కబడవలసినది. చక్కబడలేదు. ఫిల్మును ఒకసారి వాడితే అంతే. టేపును చెరిపి మరల మరల వాడుకొనవచ్చును. దాచడానికి వచ్చిన సాధనమే చెరపడానికి సాధనమైనది. టేపు ఖరీదు ఎక్కువ. నటుల సంఘాలతో కుదిరిన ఒడంబడికలు పునఃప్రసారాలకు హద్దులు పెట్టినవి. 1967లో రంగుల ప్రసారాలు ప్రారంభం కాగా నలుపు తెలుపు కార్యక్రమాలను అడిగేవారు తగ్గినారు. అన్నిటికంటె పెద్ద కారణం, మా దృష్టిలో, కార్యాలయ సంబంధమైనది. టేపులు ఇంజనీర్ల అధీనంలో ఉండేవి. ఫిల్ములు గ్రంథాలయం వారివి. విదేశాలకు అమ్మిన ప్రతులు వ్యాపార శాఖవి. ఎవరికి వారు మరొకరి వద్ద ఉండకపోవునా అనుకొని తమ వద్దనున్నది వదలించుకొన్నారు. ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

1963 నవంబరులో ఆరంభమైన 'డాక్టర్ హూ' ధారావాహిక తొలి ఆరేండ్లలో 253 భాగాలుగా ప్రసారమైనది. 2013 నాటి లెక్క ప్రకారం వానిలో 97 భాగాల చిత్రం లేదు. 1969 జూలైలో మానవుడు చంద్రునిపై అడుగిడిన రాత్రి బి.బి.సి. స్టూడియోలో సాగిన కార్యక్రమంలో కూడ అధిక భాగం పోయినది. 1978 ప్రాంతంలో ఈ చెరపడం ఆగి, వెదకడం మొదలైనది.

దొరికిన చోట్లు చిత్రమైనవి. 1983లో లండనులోని ఒక చర్చి భవనపు నేలమాళిగలో రెండు భాగాలు బయటపడినవి. హాంగ్‌కాంగు నుండి ఒకే కథకు చెందిన నాలుగు భాగాలు తిరిగి వచ్చి 1992 ఆరంభంలో లోకానికి వెల్లడైనవి. 'డాడ్స్ ఆర్మీ' అనే హాస్య ధారావాహికకు చెందిన రెండు భాగాలు 2001లో ఎవరో చెత్త నుండి ఏరి తోటలోని కొట్టులో దాచిన డబ్బాలలో దొరికినవి. 2013లో నైజీరియా దేశపు జోస్ పట్టణంలోని ఒక టెలివిజన్ కేంద్రం నుండి తెచ్చిన 'డాక్టర్ హూ' భాగాలలో తొమ్మిది అంతవరకు ఎక్కడా లేనివి. అమ్మిన ఊళ్ళలో వస్తువు నిలిచినది; పుట్టిన ఇంట నిలువలేదు.

రేడియో గల గృహస్థులకు ప్రత్యేకంగా చెప్పవలసినది మరొకటి ఉన్నది. చిత్రం పోయిన ఆ 97 భాగాలకూ శబ్దం మిగిలినది, ఒక్కటి తప్పకుండ! కారణం బి.బి.సి. కాదు. ఆ సాయంకాలాలలో టెలివిజన్ పెట్టె ముందు టేపు రికార్డరు పెట్టుకొని, దగ్గవద్దని ఇంటివారిని బ్రతిమాలిన కొందరు కుఱ్ఱవాండ్రు. వారి టేపులను జోడించి శుభ్రపరచి తరువాత విడుదల చేసినారు.

ఇక మన సంగతి. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైనది. ఆ తొలి దినాలలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు 'సజీవమైన తెలుగు' అనే విషయంపై ప్రసంగించినారు. ముద్దుకృష్ణ రచించిన 'అనార్కలి' నాటకం కూడ ఆ యేడే వినిపించినది. అవి ప్రత్యక్ష ప్రసారాలు. పంతులుగారి వాదమంతా నోట పలికే భాషను గురించి. ఆయన వ్రాతలు గ్రంథాలయాలలో దొరుకుతవి. కాని ఆయన నోటి పలుకు ఆ రాత్రి సెట్ల ముందు కూర్చున్నవారికే దక్కినది. రెండేండ్లు తిరుగకముందే, 1940 జనవరిలో, ఆయన కీర్తిశేషులైనారు.

హైదరాబాదులో దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న, కేవలం రెండు వందల వాట్ల శక్తితో, నిజాం ప్రభుత్వం పక్షాన మాటలాడ నారంభించినది. 1950 ఏప్రిల్ 1న దానిని భారత ప్రభుత్వం తన అధీనంలోనికి తీసుకొన్నది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసిన కొన్ని దినాలకు, 23వ తేదీన, ఉస్మాన్ అలీ ఖాన్ రేడియోలో చేసిన ప్రసంగపు పాఠం చరిత్ర గ్రంథాలలో ఉన్నది. పాఠం ఉండటం మంచిదే. అయితే ఏ మాట వద్ద గొంతు తడబడినదో, ఏ మాట వద్ద గట్టిపడినదో అచ్చుపుటను చూచి ఎవరు చెప్పగలరు?

మనకు కొంత దక్కినది. మహాత్ముడు 1947 నవంబరు 12న ఢిల్లీ ప్రసార భవనానికి వచ్చి కురుక్షేత్రంలోని శరణార్థులను ఉద్దేశించి పలికిన మాటలు నేటికీ వినవచ్చును. ఆకాశవాణి 1954లో ఢిల్లీలో శబ్ద భాండాగారాన్ని ఏర్పరచినది. స్వాతంత్ర్యోదయ సమయంలో మద్రాసు కేంద్రం ప్రసారం చేసిన బాలాంత్రపు రజనీకాంతరావుగారి 'మాదీ స్వతంత్ర దేశం' గీతం టంగుటూరి సూర్యకుమారి కంఠంలో మనకు మిగలడానికి అది గ్రామఫోను రికార్డుగా కూడ వెలువడటమే కారణం. అంగట అమ్మిన వస్తువు గనుక ఇండ్లలో నిలిచినది. అమ్మని వానికి అట్టి అదృష్టం లేదు. చాల ప్రసారాల ఉనికికి 'ఇండియన్ లిజనర్', 'వాణి' వంటి కార్యక్రమ పత్రికల పుటలే సాక్ష్యం: తేదీ, వేళ, పేరు, అంతే.

ఇతరులను నిందించి ఊరకుంటే న్యాయం కాదు. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో, సుమారు ఇరువది యేండ్ల క్రితం, మా కేంద్రంలో పావు అంగుళపు టేపు ఇంకను వాడుకలో ఉండేది. సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో పరుగెత్తే ఆ టేపు 1200 అడుగుల చుట్ట అరగంటకు సరిపోవును. కొత్త చుట్టలు అరుదు. చెరపవలసిన వాని జాబితా వచ్చేది. చుట్టను బలమైన విద్యుదయస్కాంతంపై నుంచి మెల్లగా త్రిప్పి పైకి లేపితే చాలును, అరనిమిషంలో అరగంట మాయం. ఆ పని మేము స్వహస్తాలతో చేసినాము, జాబితాలోని పేర్లు చదువకుండ చేసినాము. దేవరయాంజాల్ భజన అట్టి ఏ జాబితాలో పోయినదో!

ఆ ఊరిలో నాటి బృందంలో మృదంగం వాయించిన ఒక పెద్దాయన ఇల్లు చూపినారు. ఆయన గతించినారు. ఆయన భార్య లోపలినుండి ఒక రేకు పెట్టె తెచ్చినది. అందులో తపాలా కార్యాలయం వారి రేడియో లైసెన్సు పుస్తకం, రెండు తాళాల జతలు, పదునాలుగు క్యాసెట్లు ఉన్నవి. ప్రసారమైననాడు ఆయన పక్కింటివారి టేపు రికార్డరు ఎరువు తెచ్చి, రేడియో ముందుంచి పట్టినాడట. ఏ క్యాసెట్టో ఆమెకు గుర్తు లేదు.

క్యాసెట్లను అక్కడే వినదలచలేదు. ఏండ్లు గడచిన టేపును యంత్రంలో పెట్టి ఒక్కసారిగా త్రిప్పితే తెగుతుంది. లోపల టేపును తలకు ఒత్తి ఉంచే మెత్త జిగురు వదలి ఊడిపోతుంది. కేంద్రానికి తెచ్చి, మరలు విప్పి, చుట్టలను కొత్త పెట్టెలలోనికి మార్చి వినినాము. తొమ్మిదవ దానిలో దొరికినది. అనౌన్సరు ఊరిపేరు చెప్పుట, తాళాల మ్రోత, పెద్ద గొంతు ఎత్తుకొనుట, నలువురు అందుకొనుట. పదునొకండు నిమిషాలు గడచినవి. చటుక్కుమని ఒక శబ్దం, ఆ వెంటనే ఆడవారు పెండ్లి పాటలు పాడుచున్నారు.

ఈ సంగతి చెప్పుటకు మరల వెళ్ళినాము. ఆమె ఏ మాత్రం తడుముకొనలేదు. "అవి మా చిన్నదాని లగ్గం పాటలు బిడ్డా. కొత్త క్యాసెట్టుకు పైసలెక్కడియి? పాతదాని మీదనే పట్టించినం" అన్నది. మాకు బదులు తోచలేదు.

పాఠకుల అటకలపై ఇట్టి క్యాసెట్లు, చుట్టలు ఉంటే వానిని తుడువవద్దు, ఎండలో పెట్టవద్దు, వినాలనే ఆతురతతో యంత్రంలో పెట్టవద్దు. పైనున్న చీటీని చింపక, ఉన్నవి ఉన్నట్లు మా కేంద్రానికి తెలియజేయగోరుతాము. ప్రతి తీసుకొని అసలును తిరిగి ఇస్తాము.

ఆమెకు మేము రెండు ప్రతులు ఇచ్చినాము, ఒకటి భజన, రెండవది పెండ్లి పాటలు. రిజిస్టరులో ఆ పంక్తి ప్రక్కన పదునొకండు నిమిషాలు లభ్యమని ఎఱ్ఱ సిరాతో వ్రాసినాము. తక్కిన పందొమ్మిది నిమిషాల కొరకు ఆ బృందంలో పాడిన మరి ఇద్దరి ఇండ్లు వెదకవలసి ఉన్నది.