కలెక్టరు సంతకము, కరణము లెక్క

పల్నాడనగానే మన తలపునకు వచ్చునవి కోడిపోరు, కారెంపూడి రణరంగము, నాగమ్మ మంత్రాంగము, బ్రహ్మనాయుని చాపకూడు. ఏటేట కార్తిక మాసమున కారెంపూడిలో వీరుల ఉత్సవము జరుగుచునే యున్నది. ఈ ప్రసంగమున మేము కత్తులను విడిచి గంటమును గూర్చి చెప్పదలచితిమి.

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా ఏర్పడెను. గురజాల, మాచెర్ల వారికి కలెక్టరు కచేరి కొంత దగ్గరయ్యెను. కచేరి దగ్గరకు వచ్చినంత మాత్రమున పరిపాలన దగ్గరకు వచ్చినట్లేనా యని ఆ ప్రాంతపు మిత్రుడొకరు మమ్ము అడిగిరి. ఇతర దేశములలో కలెక్టరు వంటి యధికారి కలడా యనియు వారే అడిగిరి. ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఒక్కచోటనే దొరకునని మాకు తోచినది.

గుంటూరు సర్కారు 1788లో నిజాము నుండి ఈస్టిండియా కుంఫిణీ వశమయ్యెను. పల్నాడు కర్ణాటక నవాబు క్రింద నుండుటచే 1801లో గాని కుంఫిణీ చేతికి రాలేదు. శిస్తు వసూలు చేయు కలెక్టరునకే 1816లో మన్రో సంస్కరణల వలన మేజిస్ట్రేటు అధికారమును, పోలీసు పెత్తనమును సంక్రమించెను. ఒక్క మనుష్యుని చేతిలో ఇన్ని యధికారముల నుంచిన ఇంగ్లీషువారికి తమ దేశమున అట్టి యుద్యోగి లేకుండుట వింత. అచ్చట కౌంటీల వ్యవహారమును జీతము లేని స్థానిక భూస్వాములే, 'జస్టిస్ ఆఫ్ ది పీస్' అను పేర, 1888 వరకు నడిపిరి. తమ యూరిలో తాము ఒప్పుకొనని దొరతనమును గుంటూరున నెలకొల్పిరన్నమాట.

కలెక్టరునకు అన్నదమ్ముడనదగినవాడు ఫ్రాన్సున కలడు. పల్నాడు చేతులు మారుటకు ఒక్క సంవత్సరము ముందు, 1800 ఫిబ్రవరిలో, నెపోలియన్ తన దేశమును పాలించుటకు జిల్లాకొక ప్రిఫెక్టును నియమించు శాసనము చేసెను. ప్రిఫెక్టు రాజధాని మాట వినును, జిల్లాచేత వినిపించును. పై నుండి చూచిన గుంటూరును ఫ్రాన్సును ఒక్క తీరుననే కనిపించును. భేదమంతయు అడుగున కలదు.

అడుగున మనకు కరణము ఉండెను. ఏ పొలము ఎవరిది, ఎంత విస్తీర్ణము, ఏ చెరువు నీరు ఏ మడికి పారును, ఎవరికి మాన్యము కలదు అను సంగతులన్నియు తాటాకు కవిలెలలో ఆయన యొద్దనే ఉండెడివి. కాకతీయులు పోయిరి, కొండవీటి రెడ్లు పోయిరి, గోలకొండ సుల్తానులు పోయిరి. కవిలె మాత్రము తండ్రి నుండి కొడుకునకు వచ్చుచుండెను. కుంఫిణీవారు 1802లోనే కరణములను గూర్చి ప్రత్యేకముగా ఒక రెగ్యులేషను చేయుటను బట్టి ఆ యుద్యోగపు బరువు తెలియును. కల్నల్ మెకంజీ గ్రామ చరిత్రలను సేకరింపబూనినప్పుడు ఆయన మనుష్యులు కరణముల కవిలెలనే ఆశ్రయించిరి. నేడు మనము చదువుకొను గుంటూరు కైఫీయతులలో అధిక భాగమునకు అవియే మూలము. ఆ విధముగా కరణము మన చరిత్రకారుడు కూడ. సుమతీ శతకకారుడు ఆయనను గూర్చి ఒకటికి మించి పద్యములు వ్రాసెను. అవి పొగడ్తలు మాత్రము కావు.

ఇచ్చట చీనా దేశమును స్మరింపక తప్పదు. మంచూ చక్రవర్తుల కాలమున అచ్చటి జిల్లా యధికారి పరీక్షలలో నెగ్గిన మహాపండితుడు. బంధుప్రీతి కలుగునను భయముచే ఆయనను సొంత రాష్ట్రమున నియమింపరాదని నియమము. తత్ఫలితముగా ఆయనకు ఆ ప్రాంతపు మాట తెలియదు, మర్యాద తెలియదు. కొన్ని యేండ్లలో బదిలీ. ఆయన కచేరిలోని గుమాస్తాలు స్థానికులు. గుమాస్తా అయిదు సంవత్సరములకు మించి ఉండరాదని చట్టము చేసిరి. వారు పేరు మార్చుకొని మరల అదే పీటపై కూర్చుండిరి!

గుంటూరు కథయు ఇట్టిదే. సముద్రము దాటి వచ్చిన కలెక్టరు సంతకము చేయును. ఆ కాగితమును సిద్ధము చేయువాడు హుజూరు సిరస్తాదారు. ఆ కాగితమునకు ఆధారమైన లెక్క వ్రాయువాడు గ్రామ కరణము. వీరి నడుమ కుదిరిన ఒప్పందము దొరలకు చిరకాలము అంతుపట్టలేదు. 1832–33 నందన నామ సంవత్సరపు కరవులో జిల్లా జనాభాలో సుమారు మూడవ వంతు నశించెనని అంచనా. ఆ పిమ్మట శిస్తు పడిపోయెను. వాసిరెడ్డి, మల్రాజు వంశముల జమీలు బకాయిల క్రింద చిక్కెను. తుదకు 1845లో వాల్టర్ ఎలియట్‌ను విచారణకు పంపిరి. ఆయన మరుసటి యేట సమర్పించిన నివేదిక ఊరి లెక్క మొదలు హుజూరు కచేరి వరకు అల్లుకొన్న మోసమును బయటపెట్టెను. (అమరావతి స్తూపపు శిల్పములను త్రవ్వించి మద్రాసునకు పంపిన ఎలియట్ ఈయనయే. ఆ శిల్పములు నేడు లండనులో ఉన్నవి. దొంగలెక్కలను పట్టుకొనుటకు వచ్చిన మనుష్యుని వెంట మన శిల్పములు తరలిపోవుట చరిత్రలోని చిత్రము.) ఈ యుదంతమునంతయు 1965లో ఫ్రైకెన్‌బర్గ్ అను అమెరికను చరిత్రకారుడు ఒక గ్రంథముగా ప్రకటించెను. 1859లో గుంటూరు జిల్లాయే రద్దయ్యెను. మరల 1904లో గాని ఏర్పడలేదు.

దొరలు మోసపోయిరని మనము సంతోషించుటకు వీలు లేదు. ఆ మోసపు భారము సిరస్తాదారుపై పడలేదు, కరణముపై పడలేదు. కవిలె చదువలేని రైతుపై పడెను.

ఫ్రాన్సులో ఏమి జరిగెను? గ్రామపు జనన మరణ వివాహముల పట్టిక విప్లవ కాలమున, 1792లో, చర్చి చేతి నుండి పురపాలకుని చేతికి వచ్చెను. అచ్చట పురపాలకుని 'మేర్' అందురు. నెపోలియన్ కాలమున మేర్ సర్కారు నియమించిన మనుష్యుడే. 1884 చట్టముతో గ్రామసభ సభ్యులు తమలో ఒకరిని మేర్‌గా ఎన్నుకొను పద్ధతి స్థిరపడెను. ప్రిఫెక్టు పైన నిలిచియే యుండెను. పుస్తకము మాత్రము ఊరివారు ఎన్నుకొన్న మనుష్యుని బల్లపైకి వచ్చెను. నేడు ఆ దేశమున సుమారు 35 వేల గ్రామ, పుర సంఘములు కలవు.

అడుగు కదలినచో పై యంతస్తు నిలువదని మన జిల్లావారికి తెలియకపోలేదు. 1921లో మాచెర్ల పరిసర గ్రామములవారు పుల్లరి చెల్లింపక పశువులను అడవికి తోలిరి. అధికారులకు చాకలి, మంగలి సేవలు నిలిపిరి, తిండి గింజలు అమ్మమనిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియయ్యెను. అదే కాలమున పెదనందిపాడు ప్రాంతపు గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి. లెక్క వ్రాయువాడు, శిస్తు వసూలు చేయువాడు లేకపోవుటచే సర్కారు కొన్ని వారములు కాలు విరిగినట్లయ్యెను.

1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా కరణము, మునసబు పదవులను రద్దు చేసెను. వంశపారంపర్యము పోవుట న్యాయమని మా యభిప్రాయము. కాని పుస్తకము కరణముగారి యింటి నుండి కదలి చేరినది సర్కారు నియమించిన ఉద్యోగి యొద్దకే గాని, ఊరు ఎన్నుకొన్న పంచాయతి యొద్దకు కాదు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు వచ్చినప్పుడును ఈ విషయమున మార్పు లేదు. గట్లన్నియు ఎరిగిన పాత మనుష్యుడు పోయెను. క్రొత్తవారు బదిలీలపై వచ్చుచున్నారు. చీనా పండితుని కథ మనకు పూర్తిగా పరాయిది కాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము రికార్డింగు పనిపై గురజాల ప్రాంతపు గ్రామమొకటి చేరితిమి. సచివాలయపు వసారాలో ఒక వృద్ధ రైతు అడంగలు నకలు కొరకు కూర్చుండి యుండెను. "కరణంగారింటి భోషాణంలో మా ఊరంతా ఉండేదయ్యా. మాకు మాత్రం కనబడేది కాదు" అని చెప్పెను. లోపల కంప్యూటరు ముందున్న అమ్మాయి ఆయన పేరు పిలిచి, సర్వే నంబరు చదివి, అంతా సరిగానే ఉన్నది తాతా అనెను. ఆయన కదలలేదు. "ఆ అద్దం ఇటు తిప్పమ్మా, నేను కూడా చూస్తా" అనెను. ఆమె తిప్పెను. ఆయనకు చదువు రాదు. వెంట వచ్చిన మనుమని పిలిచి, అక్షరమక్షరమును చదివించుకొని, అప్పుడు లేచెను.