హైటెక్ సిటీ ప్రాంతంలో కుక్కలతో కొండనడక

కుక్కలతో కొండనడక అనగా పెంపుడు కుక్కను వెంటబెట్టుకొని గుట్టలపైన, రాతినేల మీద, పొదల మధ్య కాలిబాటలలో చాలాదూరం నడిచే వ్యాయామం. దీనిని హైకింగ్ అని కూడా వ్యవహరిస్తారు. హైదరాబాదు నగరానికి పశ్చిమాన మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ మొదలైన ప్రాంతాలలో విస్తరించిన సమాచార సాంకేతిక కేంద్రాన్ని హైటెక్ సిటీ, సైబరాబాదు అనే పేర్లతో పిలుస్తారు. ఇక్కడి గుట్టలు కొండనడకకు అనువైనవి. అయితే కాపలా, పశుపాలన, వేట వంటి పనుల కోసం తరతరాలుగా పెంచిన కుక్కజాతులు అలసిపోయినా తమంతట తాము ఆగవు. దక్కను వేడిలో ఈ గుణమే వాటి ప్రాణానికి ముప్పు తెస్తుంది. కనుక ఎంతదూరం నడవాలన్నది కుక్క ఉత్సాహాన్ని బట్టి కాక, ఆనాటి వేడిని, తేమను బట్టి యజమాని నిర్ణయించవలసి ఉంటుంది.

నేపథ్యం

మనిషి వెంట కుక్క కొండలెక్కడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వంలో ద్రౌపది, నలుగురు తమ్ముళ్ళు దారిలో ఒకరి తరువాత ఒకరు పడిపోగా ధర్మరాజు వెంట చివరివరకు నడిచింది ఒక కుక్క మాత్రమే. దానిని విడిచి స్వర్గానికి రమ్మన్న ఇంద్రుని మాటను ధర్మరాజు అంగీకరించలేదు. ఈ పర్వాన్ని తెలుగులోనికి తెచ్చినది తిక్కన. తెలంగాణ పల్లెలలో గొల్ల, కురుమ కాపరుల గొర్రెల మందల వెంట నేటికీ కుక్కలు తిరుగుతుంటాయి. రోజంతా మందతో నడిచే ఈ కుక్కలు ఎండకు అలవాటు పడినవి. మధ్యాహ్నం కాగానే చెట్టునీడ చూసుకొని పడుకుంటాయి.

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. ఆ తరువాత ఈ ప్రాంతంలో బహుళ అంతస్తుల నివాసాలు పెరిగాయి. వాటిలో నివసించే ఉద్యోగుల ఇళ్ళలోకి విదేశీ పనిజాతి కుక్కలు కూడా వచ్చిచేరాయి. రాత్రి వేళల ఉద్యోగాలు, రద్దీ రోడ్లు, ఖాళీ స్థలాల కొరత వలన చాలా కుక్కలు వారంలో ఐదు రోజులు శీతలీకరించిన గదులలోనే గడుపుతాయి. శని, ఆదివారాలలో మాత్రం వాటిని ఒక్కసారిగా గుట్టలకు తీసుకువెళ్తారు. మందకుక్కకు, ఈ కుక్కకు ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

పనిజాతులు

నగరాలలో పెంచుతున్న పనిజాతులలో, ఇతర చురుకైన జాతులలో ముఖ్యమైనవి:

బోర్డర్ కొలీ: ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు ప్రాంతపు గొర్రెల కాపరి కుక్క. పని లేనిచో విసుగుచెంది వస్తువులను కొరకడం, ఎడతెగక మొరగడం చేస్తుంది. కొలీ సంతతికి చెందిన కొన్ని కుక్కలకు ఐవర్‌మెక్టిన్ మందు ఎక్కువ మోతాదులో ఇస్తే విషమవుతుంది. దీనికి కారణమైన జన్యులోపాన్ని 2001లో గుర్తించారు. గోమార్ల నివారణకు మందు వాడేముందు పశువైద్యునికి కుక్క జాతి చెప్పడం అవసరం.

బెల్జియన్ మాలినోయిస్: బెల్జియంలోని మాలీన్ నగరం పేరు మీద ప్రసిద్ధమైనది. భారతదేశంలో కేంద్ర రిజర్వు పోలీసు దళం ఈ జాతిని ఉపయోగిస్తున్నది. హైదరాబాదు సమీపంలో మొయినాబాదు వద్ద పోలీసు జాగిలాల శిక్షణ కేంద్రం ఉంది. అనుభవం లేని యజమానికి ఈ జాతి తగినది కాదు.

సైబీరియన్ హస్కీ: మంచు ప్రాంతంలో బండ్లు లాగే కుక్క. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో కంఠసర్పి వ్యాధి వ్యాపించినపుడు కుక్కబండ్లు వంతులవారీగా వెయ్యి కిలోమీటర్లకు పైగా పరుగెత్తి మందును చేర్చాయి. దీనికి రెండు పొరల బొచ్చు ఉంటుంది. హైదరాబాదు వేసవిలో దీనిని కొండనడకకు తీసుకువెళ్ళరాదు.

లాబ్రడార్ రిట్రీవర్: వేటగాడు కొట్టిన పక్షులను తెచ్చి ఇచ్చే జాతి. వీటిలో కొన్ని తీవ్రమైన పరుగు తరువాత కొద్ది నిమిషాలలోనే వెనుకకాళ్ళు పట్టుతప్పి కూలిపోతాయి. ఇందుకు కారణమైన జన్యుమార్పును 2008లో కనుగొన్నారు.

ముధోల్ వేటకుక్క: కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాకు చెందిన దేశీయ జాతి. పొట్టి బొచ్చు, సన్నని శరీరం కలది. భారత తపాలా శాఖ 2005లో విడుదల చేసిన కుక్కజాతుల బిళ్ళలలో ఇది కూడా ఉన్నది. దక్కను వాతావరణానికి తగినదే అయినా, కదిలే జంతువును చూస్తే వెంటాడే స్వభావం కలది కనుక గుట్టలపై తాడు విప్పరాదు.

నేల, వాతావరణం

హైదరాబాదు గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిలలు. బండల మీద బండలు పేర్చినట్లు కనిపించే ఈ రూపాలు గాలి, వాన, ఎండల ప్రభావానికి శిల క్రమక్రమంగా పగిలి, అరిగి ఏర్పడ్డాయి. పగలంతా ఎండకు కాగిన బండ సూర్యాస్తమయం తరువాత కూడా చాలాసేపు వేడిని వదులుతూ ఉంటుంది. అందువలన వేసవిలో సాయంకాలపు నడక కన్నా తెల్లవారుజాము నడక మేలు.

నగరంలో మే నెల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా ఉంటుంది. వేసవిలో ఉదయం 5:45 ప్రాంతంలో, జనవరిలో 6:45 దాటిన తరువాత సూర్యోదయమవుతుంది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు కొండనడకకు అనుకూలమైన కాలం. వర్షాకాలంలో ఎండ తగ్గినా గాలిలో తేమ పెరుగుతుంది. ఆ తేమ కూడా కుక్కకు ప్రమాదకరమేనన్న సంగతి చాలామంది గమనించరు.

నడక ప్రదేశాలు

ఖాజాగూడ గుట్టలు: వీటిని ఫక్రుద్దీన్ గుట్ట అని కూడా అంటారు. ఇక్కడ సూఫీ సాధువు ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉన్నది. గుట్టల మీద హిందూ ఆలయం కూడా ఉన్నది. శిలలపై ఎక్కడం నేర్చుకునేవారు ఇక్కడికి వస్తుంటారు. ప్రార్థనా స్థలాల వద్దకు కుక్కను తీసుకువెళ్ళకుండా దూరపు దారిన పోవడం మర్యాద.

దుర్గం చెరువు: మాదాపూర్, జూబ్లీ హిల్స్ గుట్టల మధ్య దాగి ఉండుట చేత దీనికి రహస్య చెరువు అనే పేరు వచ్చింది. 2020 సెప్టెంబరులో దీనిపై తీగల వంతెన ప్రారంభమైనది. చెరువు చుట్టూ ఉన్న బాటలపై కుక్కకు అనుమతి ఉన్నదీ లేనిదీ ముందుగా కనుక్కోవాలి.

కొండాపూర్ కుక్కల పార్కు: హైదరాబాదు మహానగర పాలక సంస్థ 2018లో సుమారు 1.3 ఎకరాలలో ఏర్పాటు చేసిన పార్కు. కొండనడకకు ముందు కుక్కకు విధేయత నేర్పడానికి ఇటువంటి కంచె ఉన్న స్థలం ఉపయోగపడుతుంది.

కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం: 1998లో జాతీయ వనంగా ప్రకటించబడిన ఈ వనంలోనికి పెంపుడు జంతువులకు ప్రవేశం లేదు. కుక్క వాసన, అరుపు అడవి జంతువులను బెదరగొడతాయి. కుక్కల నుండి వాటికి వ్యాధులు కూడా సోకవచ్చు.

వడదెబ్బ

మనిషి శరీరమంతటా చెమట పట్టి చల్లబడుతుంది. కుక్కకు చెమట గ్రంథులు ప్రధానంగా పాదాల అడుగున మాత్రమే ఉంటాయి. అది ముఖ్యంగా నాలుక బయటపెట్టి రొప్పడం ద్వారానే శరీరాన్ని చల్లబరచుకుంటుంది. నోటిలోని, శ్వాసనాళంలోని తేమ ఆవిరి కావడమే ఇందులోని కిటుకు. గాలిలో ఇదివరకే తేమ నిండి ఉంటే ఆవిరి కావడం మందగిస్తుంది. అందుచేత ఆగస్టు నెలలో మబ్బు పట్టిన ఉదయం కూడా పరుగెత్తే కుక్కకు వడదెబ్బ తగలవచ్చు.

కుక్క సాధారణ శరీర ఉష్ణోగ్రత 38.3 నుండి 39.2 డిగ్రీల వరకు ఉంటుంది. 41 డిగ్రీలు దాటితే మెదడు, మూత్రపిండాలు, కాలేయం, పేగులు దెబ్బతినడం, రక్తం గడ్డకట్టే వ్యవస్థ అదుపు తప్పడం సంభవిస్తాయి. కండరాల శ్రమ వలన పుట్టే వేడి బయటి వేడికి తోడవుతుంది కనుక నీడలో పరుగెత్తే కుక్క కూడా ఈ స్థితికి చేరగలదు. బంతి విసిరితే ఎన్నిసార్లయినా తెచ్చే కుక్క, యజమాని ముందుకు నడిస్తే వెంటరాక మానని కుక్క, అపాయపు గీత దాటేవరకు ఏ ఫిర్యాదూ చేయవు.

తొలి లక్షణాలు: రొప్పు ఆగకపోవడం, నాలుక వెడల్పై చివర మెలితిరగడం, చొంగ చిక్కబడటం, నీడ కనబడగానే అటు లాగడం, పిలిస్తే ఆలస్యంగా తిరగడం. తీవ్ర లక్షణాలు: చిగుళ్ళు ముదురు ఎరుపుగా గాని పాలిపోయిగాని కనిపించడం, తూలడం, వాంతి, రక్త విరేచనాలు, మూర్ఛ. పొట్టి ముక్కు, స్థూలకాయం, ముసలితనం, గుండె లేక శ్వాస వ్యాధులు ముప్పును పెంచుతాయి.

ప్రథమ చికిత్స

ముందు చల్లబరచాలి, తరువాత తరలించాలి. కుక్కను నీడకు చేర్చి, దొరికిన మంచినీటిని మెడ, రొమ్ము, పొట్ట, కాళ్ళపై ధారాళంగా పోస్తూ గాలి విసరాలి. తడిగుడ్డ కప్పి వదిలివేయరాదు. అది కొద్దిసేపటిలో వేడెక్కి ఆవిరిని అడ్డుకుంటుంది. స్పృహలో ఉంటే కొద్దికొద్దిగా నీరు తాగనివ్వాలి. స్పృహ లేని కుక్క నోట్లో నీరు పోయరాదు. చల్లబరచడం ఆపకుండానే వాహనంలో ఏసీ వేసి పశువైద్యశాలకు తీసుకువెళ్ళాలి. కుక్క కోలుకొన్నట్లు కనిపించినా వైద్యునికి చూపించడం తప్పనిసరి. మూత్రపిండాల దెబ్బ ఒకటి రెండు రోజుల తరువాత బయటపడవచ్చు.

ఇతర ప్రమాదాలు

పాదాలు: కాగిన బండ, తారురోడ్డు పాదాలను కాలుస్తాయి. అరచేతి వెనుక భాగాన్ని నేలపై ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే ఆ నేల కుక్కకు పనికిరాదు. పల్లేరు కాయలు, గాజుపెంకులు గుచ్చుకోకుండా నడక తరువాత వేళ్ళ సందులు పరిశీలించాలి.

గోమార్లు: పొదలలోను, ఇళ్ళ గోడల పగుళ్ళలోను ఉండే గోమార్ల వలన ఎర్లికియోసిస్, బేబీసియోసిస్ అనే జ్వరాలు వస్తాయి. కుక్క తిండి మానివేయడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుండి రక్తం కారడం వీటి లక్షణాలు.

నీరు: మురుగు కలిసే చెరువుల నీటిని, బండల గుంతలలో నిలిచిన నీటిని తాగనివ్వరాదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వలన లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఇది మనుషులకు కూడా సోకే వ్యాధి.

పాములు: రాళ్ళ సందులలో నాగుపాము, రక్తపింజర, కట్లపాము వంటి విషసర్పాలు ఉండవచ్చు. కాటు పడితే కట్టుకట్టడం, కోయడం చేయక కుక్కను ఎత్తుకొని వెంటనే వైద్యునివద్దకు చేర్చాలి.

వీధికుక్కలు: ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క హద్దు ఉంటుంది. కొత్త కుక్కను చూసి ఎదురువస్తే పరుగెత్తకుండా, తాడు బిగించి, నెమ్మదిగా పక్కకు తప్పుకోవాలి.

నడకకు సిద్ధం చేయుట

వారానికి ఒక్కరోజు పది కిలోమీటర్లు నడిపించడం కన్నా ప్రతిరోజు రెండు కిలోమీటర్లు నడిపించడం మేలు. వేడికి శరీరం అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఏసీ గదిలోనే ఉండే కుక్కకు ఈ అలవాటు ఏర్పడదు. పెద్దజాతి కుక్కపిల్లలకు ఎముకల చివరలు గట్టిపడటానికి ఏడాది నుండి ఏడాదిన్నర పడుతుంది కనుక ఆ లోపల బండల మీదనుండి దూకనివ్వరాదు. లోతైన రొమ్ము గల జాతులలో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉన్నందున కడుపునిండా తినిపించిన వెంటనే నడిపించరాదు.

యజమాని తాగే నీరు కాక కుక్కకు విడిగా నీరు, ఒక గిన్నె, పొట్టి తాడు, పట్టీగుడ్డ, ముళ్ళు తీసే పట్టకారు, పశువైద్యుని ఫోను నంబరు వెంట ఉండాలి. ఎక్కేటప్పటి సత్తువను చూసి దూరం నిర్ణయించరాదు. దిగివచ్చే సమయానికి ఎండ పెరుగుతుంది. చురుకైన జాతులకు శరీరశ్రమతోపాటు బుద్ధికి పని కూడా అవసరం. దాచిన వస్తువును వాసనతో వెదికించడం, ఆజ్ఞలు నేర్పడం వంటివి ఇంటిలోనే చేయించవచ్చు. నడక కుదరని ఏప్రిల్, మే నెలలలో ఇవి మంచి ప్రత్యామ్నాయం.

చట్టం, పౌర బాధ్యత

పెంపుడు కుక్కకు రేబిస్ టీకా వేయించి, స్థానిక పురపాలక సంస్థ వద్ద నమోదు చేయించాలి. జంతు హింస నిరోధక చట్టం 1960, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ఈ విషయంలో ముఖ్యమైనవి. నివాస సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించరాదని, లిఫ్టు వాడకాన్ని నిరాకరించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అదేవిధంగా కుక్క మలాన్ని తీసివేయడం, పిల్లలు, వృద్ధులు ఎదురైనపుడు తాడు కుదించి పట్టుకోవడం యజమాని బాధ్యతలు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో ఒక బాలుడు మరణించిన తరువాత నగరంలో కుక్కల పట్ల భయం పెరిగింది. ఆ భయాన్ని తేలికగా తీసిపారవేయరాదు. కుక్క కరిచినచో గాయాన్ని సబ్బు, నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

గుట్టల పరిరక్షణ

కొండనడకకు ఆధారమైన గుట్టలు భవన నిర్మాణాల వలన తరిగిపోతున్నాయి. శిలల పరిరక్షణ కోసం 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ ఏర్పడింది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలి భూములలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు నిలిపివేసింది. చుక్కల జింకలు, నెమళ్ళు, నక్షత్ర తాబేళ్ళు ఉండే ఇటువంటి చోట్ల కుక్కను తాడు విప్పి వదలడం వాటికి హాని కలిగిస్తుంది. మిగిలిన కొద్ది గుట్టలు మనుషులకు, కుక్కలకు, అడవి జీవులకు కూడా ఉమ్మడి ఆశ్రయాలు.

ఇవి కూడా చూడండి

హైటెక్ సిటీ
దుర్గం చెరువు
ఖాజాగూడ
కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం
కుక్క
వడదెబ్బ
రేబిస్