నాలుగు కిలోల బరువుకు మందు

చరకసంహిత సూత్రస్థానంలో “అష్టౌనిందితీయం” అనే అధ్యాయం ఒకటి ఉంది. లోకం నిందించే ఎనిమిది విధాల శరీరాలను పేర్కొని, వానిలో అతిస్థూలుణ్ణి, అతికృశుణ్ణి గురించి అందులో విశేషంగా చర్చించారు. అతిస్థూలునికి కలిగే కష్టాలనూ వివరించారు: ఆయుస్సు తగ్గడం, దౌర్బల్యం, ఎక్కువ చెమట, తీరని ఆకలి, తీరని దప్పిక. ఇక్కడ “అతి” అనే మాట గమనించదగినది. ఆనాటి వైద్యుడు రోగిని కాటా ఎక్కించలేదు. అతడు పడే బాధను చూచి చికిత్స చేశాడు.

ఈనాడు కాటా ఇంటింటా ఉంది. “నా బరువు 62 కిలోలు. 58 ఉంటే బాగుండును. ఆ నాలుగు కిలోలు తగ్గడానికి మందేదైనా ఉందా?” అని అడిగేవారు తరచు కనబడుతున్నారు. అట్లా అడిగేవారిలో చాలామందికి ఆయాసం లేదు, మధుమేహం లేదు, రక్తపుపోటు లేదు. వారిని బాధిస్తున్నది ఒక అంకె. ఆ అంకెను మందుతో దించవచ్చునా అనే ప్రశ్న కొత్తది కాదు. సుమారు నూట ముప్పయి సంవత్సరాలుగా వైద్యశాస్త్రానికి అది ఎదురవుతూనే ఉంది. ఆ చరిత్ర తెలిసినవారికి నేటి ప్రశ్నకు సమాధానం వెదుక్కోవడం సులభమవుతుంది.

ఉండవలసిన బరువు ఎవరు చెప్పారు?

బరువుకూ ఎత్తుకూ గల సంబంధాన్ని శాస్త్రీయంగా లెక్కకట్టినవాడు బెల్జియం దేశపు గణితజ్ఞుడు అడాల్ఫ్ కెట్లే. పెద్దవారి బరువు వారి ఎత్తు యొక్క వర్గాన్ని అనుసరించి ఉంటుందని అతడు 1832లో తెలియజేశాడు. కెట్లే వైద్యుడు కాడు. సగటు మనిషి ఎట్లా ఉంటాడో తెలుసుకోవాలనేదే అతని కోరిక. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తును వర్గం చేసి భాగిస్తే వచ్చే సంఖ్యకు “శరీర ద్రవ్యరాశి సూచిక” అనే పేరు 1972లో వచ్చింది. ఆ పేరు పెట్టినది అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్, అతని సహచరులు.

ఈ మధ్యకాలంలో జీవితబీమా కంపెనీలు రంగంలోకి దిగాయి. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ కంపెనీ తన పాలసీదారుల జననమరణాల లెక్కలు తీసి, ఏ ఎత్తుకు ఎంత బరువున్నవారు ఎక్కువకాలం జీవిస్తున్నారో చూచి, 1942లో స్త్రీలకు, 1943లో పురుషులకు “ఆదర్శ బరువుల” పట్టికలు ప్రకటించింది. 1959లో వాటిని సవరించి “వాంఛనీయ బరువులు” అని పేరు మార్చారు. 1983లో మళ్ళీ సవరించి చాలా అంకెలను కొంచెం పెంచారు. 1998లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు అధిక బరువుకు హద్దును సుమారు 27 నుండి 25కు దించినప్పుడు రెండు కోట్లకు పైగా ప్రజలు ఒక్క తులం పెరగకుండానే అధిక బరువు గలవారయ్యారు.

ఈ హద్దులు అర్థంలేనివని కాదు. లక్షలమందిని కలిపి చూచినప్పుడు అవి నిజమే చెబుతాయి. కాని హద్దుకు అటు ఒక కిలో, ఇటు ఒక కిలో ఉన్న ఇద్దరు మనుషుల ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ భేదం ఉండదు. ఆ భేదం ఉన్నదని నమ్మినవారే మందుల వర్తకానికి పెద్ద ఖాతాదారులయ్యారు.

అగ్నిని రగిల్చిన మందులు

1891లో ఇంగ్లండులో జార్జి మరే అనే వైద్యుడు థైరాయిడ్ గ్రంథి పనిచేయని రోగికి గొర్రె థైరాయిడ్ సారాన్ని సూదిమందుగా ఇచ్చి బాగుచేశాడు. అది వైద్యచరిత్రలో గొప్ప విజయం. ఆ సారం వల్ల శరీరంలో దహనక్రియ వేగం హెచ్చి బరువు తగ్గుతున్నదని గమనించగానే, థైరాయిడ్ చక్కగా పనిచేస్తున్నవారు కూడా సన్నబడడానికి దాన్ని వాడసాగారు. గ్రంథిలో లోపమున్నవానికి అది అమృతం. లోపం లేనివానికి గుండెదడ, వణుకు, కండరాల క్షీణత తెచ్చిపెట్టేది. అమెరికాలో “మార్మోలా” అనే పేరుతో ఎండబెట్టిన థైరాయిడ్ మాత్రలు విచ్చలవిడిగా అమ్ముడుపోయేవి. 1931లో ఈ వ్యవహారం అక్కడి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ మాత్రల ప్రకటనల వల్ల పోటీ వర్తకులకు నష్టం కలిగినట్లు రుజువు కాలేదని కోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది! తిన్నవారికి కలిగే నష్టం ఆనాటి చట్టం పరిధిలోకి రాలేదు.

తరువాత వచ్చింది డైనైట్రోఫినాల్. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సులోని ప్రేలుడు పదార్థాల కర్మాగారాలలో ఈ రసాయనంతో పనిచేసే కూలీలు విపరీతంగా చెమటలుపోసి, జ్వరం తగిలి, చిక్కిపోయేవారు. కొందరు మరణించారు. 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మారిస్ టెయింటర్, విండ్సర్ కటింగ్ దీన్ని స్థూలకాయానికి మందుగా పరీక్షించారు.

ఇది పనిచేసే విధానం చిత్రమైనది. మన జీవకణాలలోని మైటోకాండ్రియాలు ఆహారాన్ని మండించి, ఒక పలుచని పొరకు ఒకవైపున ప్రోటాన్లను కూడబెడతాయి. ఆ ప్రోటాన్లు, ఆనకట్ట తూములోంచి దూకిన నీరు యంత్రాన్ని త్రిప్పినట్లు, తిరిగి వస్తూ శరీరానికి కావలసిన శక్తిని తయారుచేస్తాయి. డైనైట్రోఫినాల్ ఆ ఆనకట్టకు గండ్లు కొడుతుంది. నీరు వృథాగా పోతుంది. తిన్నదంతా వేడిగా మారి బయటికి పోతుంది. అందువల్ల బరువు తగ్గే మాట నిజమే. కాని మోతాదు కొంచెం మించితే ఆ వేడిని ఆపే ఉపాయం లేదు.

ఒక్క సంవత్సరం తిరిగేసరికి అమెరికాలో లక్షమందికి పైగా దాన్ని వాడి ఉంటారని టెయింటరే అంచనా వేశాడు. 1935లో మరో ఉపద్రవం బయటపడింది. ఈ మందు వాడినవారిలో, ముఖ్యంగా యువతులలో, కళ్ళకు శుక్లాలు రాసాగాయి. మందు మానిన తరువాత కూడా కొందరికి వచ్చాయి. 1906 నాటి చట్టం ప్రకారం స్థూలకాయం వ్యాధి కాదు కనుక, దాని మందును అదుపుచేసే అధికారం ప్రభుత్వానికి లేదు. 1938లో కొత్త చట్టం వచ్చిన తరువాతనే దానికి అడ్డుకట్ట పడింది.

ఆకలిని చంపిన మందులు

తరువాతి తరం మందులు ఆకలి మీద పనిచేశాయి. 1887లోనే తయారైన ఆంఫెటమిన్ మెదడును ఉత్తేజపరచి, నిద్రను, ఆకలిని తరిమివేస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికాలో దీనికి థైరాయిడ్ సారం, మూత్రాన్ని హెచ్చించే మందు, గుండెకు వాడే డిజిటాలిస్, నిద్రమందు చేర్చి, రంగురంగుల మాత్రలుగా అమ్మారు. “ఇంద్రధనుస్సు మాత్రలు” అని వాటికి పేరు. 1968లో “లైఫ్” పత్రిక విలేఖరి సుసానా మెక్‌బీ బరువు తగ్గించే వైద్యుల వద్దకు రోగివలె వెళ్ళింది. ఆమె లావుపాటి మనిషి కాదు. అయినా పదిమంది వైద్యుల వద్ద ఆమెకు దొరికిన మాత్రలు సుమారు పదిహేను వందలు! ఆ సంవత్సరమే అమెరికా సెనేటు విచారణ జరిపింది. ఆ మాత్రలతో సంబంధమున్న మరణాలు అరవైకి పైగా లెక్కకు వచ్చాయి.

ఐరోపాలో కూడా ఇదే కథ. 1965లో స్విట్జర్లండు, ఆస్ట్రియా, పశ్చిమ జర్మనీలలో అమినోరెక్స్ అనే ఆకలిమందు వచ్చింది. కొద్దికాలానికే అక్కడి ఆసుపత్రులలో ఊపిరితిత్తుల ధమనులలో రక్తపుపోటు హెచ్చే అరుదైన వ్యాధి పలురెట్లు పెరిగింది. 1968లో మందును ఉపసంహరించారు.

అన్నిటికంటె ఎక్కువ నేర్పినది ఫెన్‌ఫ్లూరమిన్, ఫెంటర్‌మిన్ మందుల జంట. 1992లో మైకేల్ వైన్‌ట్రాబ్ దీని ఫలితాలను ప్రకటించాడు. అతడు పరీక్షించినది కేవలం 121 మందిని. వారందరూ ఉండవలసినదానికంటె కనీసం నూటికి 30 వంతులు ఎక్కువ బరువున్నవారు. 1996లో అమెరికాలో ఈ రెండు మందులకు వ్రాసిన చీట్లు కోటీ ఎనభై లక్షలు దాటాయి. వందమంది రోగులపై తూచిన మందు లక్షలమంది చేతికి వెళ్ళింది. వారిలో స్వల్పంగా లావెక్కినవారు, పండుగకో పెండ్లికో సన్నబడదలచినవారు కూడా చేరారు. 1997లో మేయో వైద్యశాల నుండి 24 మంది స్త్రీల గుండె కవాటాలు మందగించి చెడిన వార్త వెలువడింది. ఆ సెప్టెంబరులోనే ఫెన్‌ఫ్లూరమిన్‌ను ఉపసంహరించారు. ఆకలిని తగ్గించడానికి ఉద్దేశించిన మందు, మెదడులో ఉన్నవంటి గ్రాహకాలే గుండె కవాటాలలోనూ ఉన్నందువల్ల, అక్కడి కణాలను కూడా పెంచింది.

ఆ తరువాత మనోవ్యాకులత కలిగించినందుకు రిమోనబాంట్‌ను 2008లో ఐరోపాలో నిలిపివేశారు. గుండెజబ్బుల భయం వల్ల సిబుట్రమిన్‌ను 2010లో అమెరికాలో ఉపసంహరించగా, 2011లో మనదేశంలోనూ నిషేధించారు.

బల్లి విషం నుండి వచ్చిన మందు

నేటి మందులు వీటి సంతతి కావు. భోజనం చేయగానే మన ప్రేవులలో జి.ఎల్.పి.-1 అనే హార్మోను పుడుతుంది. అది క్లోమాన్ని మేల్కొలిపి, జీర్ణకోశం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గించి, మెదడుకు “చాలు” అని చెబుతుంది. కాని ఒకటి రెండు నిమిషాలలోనే నశిస్తుంది. 1992లో జాన్ ఎంగ్ అనే అమెరికా వైద్యుడు గిలా అనే ఎడారి బల్లి విషంలో, దీనివలె పనిచేస్తూ ఎక్కువసేపు నిలిచే పదార్థాన్ని కనుగొన్నాడు. దాని నుండి 2005లో మధుమేహానికి మొదటి మందు వచ్చింది. వారానికి ఒక సూదితో సరిపోయే సెమాగ్లుటైడ్ 2017లో మధుమేహానికి, 2021లో బరువు తగ్గించడానికి అమెరికాలో అనుమతి పొందింది. 2025లో ఇటువంటి బరువు మందులు మనదేశపు మందుల దుకాణాలకు కూడా వచ్చాయి.

ఇవి మేలైన మందులు. 2021లో ప్రకటించిన పరిశోధనలో 1961 మంది పాల్గొన్నారు. వారి సగటు బరువు 105 కిలోలు, సగటు సూచిక 38. మందు తీసుకున్నవారు 68 వారాలలో నూటికి 15 వంతుల బరువు తగ్గారు. 2023లో, గుండెజబ్బు ఉన్న 17,604 మందిపై జరిగిన మరో పరిశోధనలో గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలు నూటికి 20 వంతులు తగ్గాయి. ఇది సామాన్యమైన విషయం కాదు.

కాని ఈ రెండింటిలోనూ సూచిక 27కు తక్కువ ఉన్నవారిని చేర్చుకోలేదు. మన 62 కిలోల మనిషి ఎత్తు 160 సెంటీమీటర్లు అయితే ఆ సూచిక 24 మాత్రమే. పై ఫలితాలు ఆ మనిషివి కావు. వాంతులు, వికారం, పిత్తాశయంలో రాళ్ళు, అరుదుగా క్లోమపు వాపు అనే కష్టాలు మాత్రం అందరికీ ఒకటే. తగ్గే బరువులో కొంతభాగం కొవ్వు కాక కండ. మందు మానినవారిని పరిశీలించగా, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఒక్క సంవత్సరంలోనే తిరిగి వచ్చింది. అంటే నాలుగు కిలోల కోసం మొదలుపెట్టిన మందు ఏండ్ల తరబడి సాగవలసిరావచ్చు.

త్రాసులో రెండు తట్టలు

ఈ చరిత్ర అంతటిలో ఒక సూత్రం కనబడుతుంది. ఏ మందుకైనా ఒక తట్టలో మేలు, ఒక తట్టలో కీడు ఉంటాయి. అధిక బరువు వల్ల ప్రాణానికి ముప్పు ఉన్నవానికి మేలు తట్ట బరువుగా ఉంటుంది. అనవసరపు బరువు తగ్గేకొద్దీ మేలు కూడా తగ్గుతుంది. కాని కీడు అంతే నిలిచి ఉంటుంది. డైనైట్రోఫినాల్ వల్ల చూపు పోగొట్టుకున్న యువతికైనా, ఫెన్‌ఫ్లూరమిన్ వల్ల కవాటం చెడిన స్త్రీకైనా, ఆమె ఎంత కొద్ది బరువు తగ్గదలచుకున్నదో చూచి మందు జాలిపడలేదు.

ఇక్కడ మనవారు గుర్తుంచుకోవలసిన విశేషం మరొకటి ఉంది. భారతీయులలో కొవ్వు నడుము చుట్టూ చేరడం ఎక్కువ. తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది. అందుకే మన వైద్యులు 2009లో సూచిక 23 వద్దనే హెచ్చరిక గీత గీశారు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదన్నారు. కనుక “నాలుగు కిలోలే కదా” అని ఉపేక్షించడం కూడా తగదు. చేయవలసినది నడుము కొలుచుకోవడం, రక్తంలో చక్కెర, రక్తపుపోటు చూపించుకోవడం. వానిలో దోషం ఉంటే వైద్యుడు త్రాసును మళ్ళీ తూచి, మందు అవసరమా కాదా నిర్ణయిస్తాడు. దోషమేమీ లేకుంటే, మేలు తట్టలో పెట్టడానికి ఒక అంకె తప్ప మరేమీ మిగలదు. అటువంటి మనిషికి నడక, మితాహారం చాలు.