సహ పెంపకం (భారతదేశం)

విడాకులు తీసుకున్న, లేదా వేరుగా ఉంటున్న తల్లిదండ్రులు బిడ్డ చదువు, వైద్యం, ఖర్చులు, ఆలనాపాలనా ఇద్దరూ కలిసి చూసుకోవడమే సహ పెంపకం. పట్టణాల్లో దీన్ని కో పేరెంటింగ్ అనే అంటున్నారు. భారతదేశంలో దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు. ఉన్నంతలో కోర్టు తీర్పులే దారి చూపుతున్నాయి.

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. హిందువులకు 1956లో వేరే చట్టం వచ్చింది. దాని ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. అయిదేళ్లలోపు బిడ్డ మాత్రం సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలి. కొడుకు పేరిట బాండ్లు కొనడానికి తల్లి సంతకం చాలదని రిజర్వు బ్యాంకు దరఖాస్తు తిప్పి పంపితే రచయిత్రి గీతా హరిహరన్ సుప్రీంకోర్టుకెక్కారు. తండ్రి బతికున్నా బిడ్డను పట్టించుకోకపోతే తల్లే సంరక్షకురాలు కావచ్చని 1999లో తీర్పు వచ్చింది. అయినా ఇద్దరిలో ఎవరు అనేదే ప్రశ్నగా మిగిలింది. ఇద్దరూ ఎందుకు కాకూడదన్నది అప్పటికి ముందుకు రాలేదు.

కర్ణాటక హైకోర్టు 2013లో ఒక కేసులో ఏడాదిని రెండుగా పంచింది. జనవరి నుంచి జూన్ వరకు పన్నెండేళ్ల పిల్లవాడు తండ్రి దగ్గర, జూలై నుంచి డిసెంబరు వరకు తల్లి దగ్గర ఉండాలి. శని, ఆదివారాల్లో రెండోవారు చూసి వెళ్లవచ్చు. చదువు ఖర్చు చెరి సగం. ఇద్దరి ఇళ్లూ ఒకే బడికి అందే దూరంలో లేకపోతే ఈ పంపకం కాగితం దాటదు.

జస్టిస్ ఎ.పి. షా అధ్యక్షతన లా కమిషన్ 2015 మేలో ఇచ్చిన 257వ నివేదిక ఉమ్మడి కస్టడీని చట్టంలో చేర్చమంది. మధ్యవర్తిత్వం, తాతామామ్మలు, అమ్మమ్మల రాకపోకల గురించి కూడా చెప్పింది. అది ఇంకా చట్టం కాలేదు.

ఆచరణలో ఎక్కువ మందికి దక్కేది విజిటేషనే: ఫ్యామిలీ కోర్టు ఆవరణలోనో, అనుకున్న మరో చోటనో కొన్ని గంటలు. ఇలా కలిసే తండ్రి గానీ తల్లి గానీ బొమ్మలు తెచ్చే చుట్టమవుతారు తప్ప పెంచేవారు కాలేరు. హోంవర్కు దగ్గర విసుక్కోవడం, జ్వరం రాత్రి మేలుకోవడం ఆ గంటల్లో ఇమిడేవి కావు. బిడ్డ దగ్గర లేని వారికి రోజూ అయిదు, పది నిమిషాలైనా ఫోన్లోనో వీడియో కాల్లోనో మాట్లాడే వీలుండాలని 2020లో ఒక కేసులో సుప్రీంకోర్టు అనడం ఈ లోటు గుర్తించే.

ఆ కేసులోని దంపతులు అమెరికాలో కాపురమున్నవారు. అక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇలా దేశాలు దాటే కస్టడీ తగాదా సంబంధించిన విషయమే. పిల్లల్ని ఒకరు దేశం దాటించినప్పుడు తిరిగి పంపే 1980 హేగ్ ఒడంబడికలో భారత్ చేరలేదు. విదేశీ కోర్టు ఉత్తర్వు చేతిలో ఉన్నా, బిడ్డ మేలు ఏమిటో ఇక్కడి కోర్టు మళ్లీ తానే తేల్చుకుంటుంది.